కలకత్తా పేటెంట్లు, కృష్ణా డెల్టా రోకళ్ళు

బెజవాడ వద్ద కృష్ణానదికి అడ్డముగా ఆనకట్ట కట్టుట 1855లో పూర్తియై, బందరు వైపునకును, గుడివాడ చేలకును కాలువనీరు పారుటకు దారి ఏర్పడిన మరుసటి సంవత్సరముననే, కలకత్తాలో కంపెనీ ప్రభుత్వము ఒక చిన్న చట్టము చేసినది. 1856 ఫిబ్రవరి 28న ఆమోదము పొందిన ఆ 6వ నంబరు చట్టము ప్రకారము, క్రొత్త యంత్రమునో క్రొత్త పద్ధతినో కనిపెట్టినవాడు దాని వివరమును ప్రభుత్వమునకు దాఖలు చేసినయెడల, 14 ఏండ్లపాటు దానిని తయారుచేయుటకును, అమ్ముటకును, ఇతరులకు అనుమతి నిచ్చుటకును అతనికే హక్కు లభించును. ఆనకట్టకును ఈ చట్టమునకును పొత్తు ఉండగలదని ఆనాడెవరును తలచియుండరు. కాని ఆనకట్ట పెంచిన వరియు, పేటెంటు పొందిన యంత్రమును అర్ధశతాబ్దము గడచిన పిమ్మట మన డెల్టాలో ఒకచోట కలిసినవి. ఆ కలయిక వలన మన ఇండ్లలో ఏది తగ్గినదో, ఏది పోయినదో చెప్పుటకే ఈ వ్యాసము.

చట్టము పుట్టిన మూడు నాలుగు దినములలోనే, అనగా 1856 మార్చి 3న, కలకత్తాలోని సివిల్ ఇంజనీరు జార్జి ఆల్ఫ్రెడ్ డిపెన్నింగ్ మొదటి అర్జీ పెట్టుకొనెను. భారతదేశపు పేటెంట్లలో మొదటి సంఖ్య దానిదే. అతడు కనిపెట్టినది నాగలి కాదు, మగ్గము కాదు, నీరు తోడు ఏతము కాదు. పంకా లాగు యంత్రము. ఇంటికప్పు నుండి వ్రేలాడు గుడ్డపంకాను, వసారాలో కూర్చున్న కూలివాడు గోడరంధ్రము గుండా వచ్చిన తాడుతో రేయింబవళ్ళు లాగుచుండగా, లోపల దొర భోజనము చేయుటయో, జడ్జీ విచారణ చేయుటయో జరుగుచుండెడిది. సైనికుల దండు బస, కచ్చేరులు, 1843లో రాబర్టు నోబుల్ స్థాపించిన పాఠశాల గల బందరులో వేసవి ఉక్క ఎట్టిదో ఎరిగినవారికి ఆ పంకాయొక్క అవసరము వేరుగా చెప్పనక్కరలేదు. ఐనను ఒక్క సంగతి మాత్రము గమనింపదగియున్నది. ఈ దేశమునందలి సమస్తమైన శారీరకశ్రమలోను యంత్రము చేత తీర్పదగినదిగా మొట్టమొదట ఆ పేటెంటు పుస్తకమున కెక్కినది, దొరవారి గాలికి సంబంధించిన శ్రమ. ఏ పని వలన ఎవనికి ఇబ్బంది కలుగుచున్నదో, ఆ ఇబ్బంది తీర్చుకొనుటకు ఎవనియొద్ద ధనమున్నదో, ఆ పనిమీదనే కనిపెట్టువాని దృష్టి పడును. నాటినుండి నేటివరకు ఈ విషయమున పెద్ద మార్పు రాలేదని నా నమ్మకము.

ఆ మొదటి చట్టమునకు ఆయువు లేకపోయినది. ఇంగ్లండు రాణిగారి ముందస్తు అనుమతి లేకుండ చేసినదను కారణమున 1857లో దానిని రద్దుచేసి, 1859లో 15వ నంబరు చట్టముగా మరల తెచ్చిరి. తరువాత 1888లో ఒకటి, 1911లో ఇంకొకటి వచ్చినవి. 1911 నాటి చట్టము స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట కూడ చాలకాలము నిలిచినది. ఈ చట్టములన్నిటి వెనుకను ఒక ఒప్పందము కలదు. కనిపెట్టినవాడు తన రహస్యమును దాచుకొనక, ఆ విద్య తెలిసిన మరొకడు చదివి చేయగలిగినంత స్పష్టముగా వ్రాసి ఇవ్వవలెను. దానికి ప్రతిఫలముగా కొన్ని ఏండ్లు లాభము అతడొక్కడే అనుభవించును. గడువు తీరిన పిమ్మట ఆ విద్య లోకులందరిది. న్యాయమైన ఒప్పందమే. కాని దానిని ఉపయోగించుకొనవలెనన్న ఇంగ్లీషులో వ్రాయగల చేయి, నమూనాపటము గీయగల నేర్పు, కలకత్తావరకు పోయి అర్జీ నడపగల స్తోమత ఉండవలెను. అవనిగడ్డ వడ్రంగికో, పెడన అద్దకపువానికో, మోపిదేవి కమ్మరికో అవి యెక్కడివి?

అద్దకమన్నపుడు బందరు సంగతి కొంత చెప్పవలసియున్నది. ఏలయన పేటెంటు యంత్రపు దెబ్బ మొదట తగిలినది మన వారికి ఆ పనిలోనే. గుడ్డను కరక్కాయ కలిపిన గేదెపాలలో తడిపి ఆరవేసి, కొయ్య అచ్చును రంగులో ముంచి ఒక్కొక్కటే అద్ది, పటిక పట్టించినచోట చిరువేరుతో ఎరుపును, ఇనుపతుక్కు, బెల్లము ఊరవేసిన నీటితో నలుపును తెప్పించు బందరు అద్దకపు గుడ్డలను ఐరోపావారు పదునేడవ శతాబ్దమున ఎగబడి కొనిరి. ఆ మోజునకు జడిసిన ఇంగ్లండు నేతగాండ్రు 1721లో అద్దకపు నూలుబట్టలు ధరింపరాదని చట్టమే చేయించుకొనిరి. అటుపిమ్మట 1783లో స్కాట్లండువాడైన థామస్ బెల్, రాగిరోలరుపై నమూనా చెక్కి, అది తిరుగుచుండగా గుడ్డపై రంగు దానంతట అదే పడునట్లు యంత్రము కల్పించి పేటెంటు పొందెను. ఒక మనిషి కాచుకొనియున్న ఆ యంత్రము వందమంది అచ్చు అద్దకగాండ్ర పని చేయునని తరువాతి ఇంగ్లీషు రచయితలు లెక్కవేసిరి. మన అద్దకమును యంత్రమొక్కటే చంపినదనుట సరికాదు. చట్టము ముందు కాళ్ళు కట్టినది, యంత్రము పిదప మోదినది. పారసీక దేశపు బేరము కొంతకాలము నిలిచినందున బందరు, పెడన అద్దకగాండ్రు బ్రతికి బట్టకట్టిరి.

అద్దకము కొందరి వృత్తి. దంపుడు అట్లు కాదు. అది ఇంటింటి పని. యంత్రములు రాకమునుపు డెల్టాలో తెల్లవారుట కోడికూతతో పాటు రోకటిపోటుతోడనే. నేలలో పాతిన రోటిపై గింజలు చిందకుండ కుందెన పెట్టి, గాదెనుండి తీసిన వడ్లను పోసి, ఇద్దరు స్త్రీలు ఎదురెదురుగా నిలిచి, ఒకరి రోకలి లేచునప్పుడు ఇంకొకరిది దిగునట్లు పోటు వేయుదురు. రోకలి కొసకు ఇనుపపొన్ను ఉండును. పొన్ను అరిగినయెడల వడ్లు పొట్టు వదలవు, పొన్ను పదునెక్కినయెడల గింజ నలిగి నూకయగును. మొదటి దంపునకు ఊక విడిపడును. చేటతో చెరిగి ఊకను ఎగురగొట్టి, మెరికలను ఏరి, బియ్యమును మరల రోట బోసి రెండవ దంపు వేసినపుడు తవుడు రాలును. పిమ్మట జల్లించి, నేమి, నూకలను వేరుచేయుదురు. ఊక పొయ్యిలోనికి, తవుడు పాడిగేదెకు, నూకలు దంచినవారికో, కోళ్ళకో, పేదయింటి జావకో. ఒక్క గింజ కూడ వృథాగా పోవు త్రోవ లేదు. పొరుగిండ్లలో దంచి పొట్టపోసికొను స్త్రీలకు కూలి తరచుగా గింజల రూపముననే ముట్టెడిది. ఏ ఆస్తియు లేని వితంతువునకు రోలే మాన్యము.

కాని ఈ చిత్రమును చూచి మురిసిపోవుట నా ఉద్దేశము కాదు. నెలలు నిండిన గర్భిణి దంచినది, బాలెంత దంచినది, జ్వరము తగ్గీతగ్గని ముసలమ్మ దంచినది. మధ్యాహ్నము పదిమంది విస్తళ్ళ ముందు కూర్చుండవలెనన్న, తెల్లవారుజామున ఇద్దరి భుజములు పడిపోవలెను. దంపుళ్ళ పాటలు ఆ శ్రమను మరపించుటకు పుట్టినవే గాని, ఆ శ్రమ లేదని చెప్పుటకు పుట్టినవి కావు. ఇంతటి విస్తారమైన, ఇంతటి నిత్యమైన శ్రమ కలకత్తా పేటెంటు పుస్తకపు మొదటి పుటకు ఎక్కకపోవుటకు కారణము వెదుకబోనక్కరలేదు. అది దొర వసారాలో జరుగలేదు.

ఆ శ్రమను తీర్చిన యంత్రము మన దేశమున పుట్టనే లేదు. వరికొరకే పుట్టినదియు కాదు. బ్రెజిలు దేశమున ఎవరిస్తో కొన్రాదో ఎంగెల్‌బర్గ్ అను యంత్రకారుడు, కాఫీగింజల పొట్టు తీయుటకును, వడ్ల పొట్టు తీయుటకును పనికివచ్చు మరను కల్పించి 1885లో పేటెంటు తీసికొనెను. 1888లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున సిరక్యూజ్ పట్టణములో అతని పేరిటనే కంపెనీ లేచి, హల్లరు అను ఆ మరను లోకమంతట అమ్మినది. పేటెంటు గడువు తీరిన పిదప ఇక్కడి పోతకర్మాగారములును దానిని పోతపోసి సగము ధరకో ముప్పాతిక ధరకో అమ్మజూపినవి. పేటెంటు ఒప్పందములోని రెండవ సగము, అనగా విద్య లోకులందరిది యగుట, మన పల్లెలకు దక్కినది ఇట్లు.

దాని నిర్మాణము మిక్కిలి సులువైనది. బల్లమీద బిగించిన ఇనుపగొట్టములో, పొడవునను గట్లు తేలిన పోతయినుప రోలరొకటి అడ్డముగా తిరుగుచుండును. గొట్టపు అడుగు సగము చిల్లుల రేకు. ప్రక్కన ఒక ఉక్కుపట్టీ. మరలు బిగించిన అది రోలరునకు దగ్గరగును, వదలించిన దూరమగును. పైని గరాటులో పోసిన వడ్లు ఒకకొసనుండి మరియొక కొసకు పోవులోపల రోలరు గట్లకును, ఆ పట్టీకిని, అంతకంటె ఎక్కువగా ఒండొంటికిని ఒరసికొని పొట్టు వదలును. బియ్యము కొసనుండి జారిపడును. ఊకయు తవుడును నూకపొడియు కలగలిసి చిల్లుల గుండ క్రిందికి రాలును. మర పట్టు మనిషి, కొసన జారుచున్న బియ్యమును గుప్పెట పట్టి, అరచేతిలో ఊది, వెలుతురుకు చూచి, మెరికలున్నచో పట్టీని ఒక చుట్టు బిగించును, నూక ఎక్కువైన వదలించును. యంత్రమునందలి తెలివి అంతయు ఆ ఒక్క చుట్టులోనే యున్నది. ఆ చుట్టు మర పట్టువాని కంటిమీద ఆధారపడుటచేత, ఒకే వడ్లు ఒక మరలో ముత్యములై వచ్చి ఇంకొక మరలో పిండియై వచ్చును.

ఇంత చిన్న యంత్రము డెల్టాను ఆక్రమించుటకు తోడ్పడినవి కాలువలు, ఆయిలు ఇంజన్లు, రైలు. కాలువనీటితో దిగుబడి పెరిగినది; పెరిగిన ధాన్యము లాకులు దాటించుకొనుచు పడవలమీద రేవులకు చేరెడిది. 1908లో బెజవాడనుండి బందరునకు రైలుదారి తెరచిరి. గుడివాడ ఆ దారిలోనే యుండి, 1928లో భీమవరము వైపు రైలుమార్గము కూడ వేయుటతో కూడలియైనది. ధాన్యము కూడలికి వచ్చినచోట మిల్లు లేచుట సహజము. పట్టణపు మిల్లులలో ఊకయే వంటచెరకుగా బాయిలరులు మండినవి. పల్లెలలో ఒకే ఇంజను, ఒకే బెల్టు, ఒకటి రెండు హల్లర్లతో మరలు వెలసినవి. దివిసీమ వంటి పాయల నడిమి లంకనేలలో ఇంజను, నూనెపీపా, పోతయినుము పడవమీదనే దాటవలసివచ్చినను, అవియు దాటినవి. నెత్తిన వడ్లగంపతో పోయి, గడియలో బియ్యముతో మరలివచ్చిన ఇల్లాలికి ఆనాడు కలిగిన విశ్రాంతిని తక్కువచేసి మాట్లాడుటకు మగవారమైన మాకు హక్కు లేదు.

అయితే ఆ విశ్రాంతికి వెల కట్టవలసివచ్చినది. మొదటి వెల దంపుడు కూలిమీద బ్రతికిన స్త్రీలు చెల్లించిరి. ఇంటి ఇల్లాలికి శ్రమ తప్పిన దినముననే, ఆ యింట దంచుకొని పోవు ఆమెకు కూడు తప్పినది. మిల్లులో ఆమెకు దొరికిన పని కళ్ళములో ధాన్యము ఆరబోయుటయు, చెరుగుటయు మాత్రమే. రెండవ వెల అందరును చెల్లించిరి. అది కంటికి కనబడలేదు.

బెరిబెరి యను వ్యాధి ఉత్తర సర్కారులకు క్రొత్త కాదు. కాళ్ళు తిమ్మిరిగొని, నీరుపట్టి, గుండె బలహీనమై మనిషిని కూలద్రోయు ఈ రోగమును గూర్చి మాల్కమ్‌సన్ అను వైద్యుడు 1835లోనే మద్రాసునుండి ఒక గ్రంథము ప్రకటించెను. మరలు రాకమునుపే రోగమున్నదన్నమాట. పొట్టును తవుడును పోవునట్లు తెల్లగా దంచుకొనుట కలవారి యిండ్లలో అప్పటికే యుండెను. కాని రోకలితో అంత తెల్లదనము తెచ్చుట కష్టము; మరకు అది లెక్కలోనిది కాదు. జావాలో ఐక్మన్ అను వైద్యుడు, తెల్లబియ్యము మేసిన కోళ్ళు కాళ్ళు పడిపోవుటయు, తవుడు పెట్టగనే కోలుకొనుటయు గమనించెను. 1929లో అతనికి నోబెల్ బహుమతి వచ్చినది. మన ప్రాంతపు సంగతిని మెకారిసన్, నారిస్ అనువారు 1924లోను, కూనూరు పోషకాహార పరిశోధనాలయపు డైరెక్టరు ఆక్రాయిడ్ తన సహచరులతో కూడ 1940లోను వివరించిరి. తమిళనాటి వారు ఉప్పుడుబియ్యము తినుచు తప్పించుకొనగా, మరపట్టిన పచ్చిబియ్యము తిను సర్కారులవారికే ఈ రోగము పట్టుచున్నదని వారు తేల్చిరి. వడ్లను నానబెట్టి ఆవిరిపట్టినపుడు తవుడు పొరలోని థయమిన్ అను విటమిను గింజలోపలికి ఇంకును. పిదప ఎంత పాలిషు చేసినను కొంత నిలుచును. పచ్చిబియ్యములో ఆ పొర పోయినంతనే అది పోవును.

మన వంటయిల్లు మిగిలినదానిని కూడ ఉంచలేదు. బియ్యమును రెండు మూడు పర్యాయములు నీళ్ళు తేరువరకు కడిగి, ఉడికిన పిమ్మట గంజి వార్చి, ఆ కడుగును ఆ గంజిని, దానిలో కలిపిన తవుడును కుడితితొట్టిలో పోయుట మన ఆచారముగా నుండెను. ఏ సారము లేక కృష్ణాజిల్లా బాలెంతలు కాళ్ళు ఈడ్చిరో, ఆ సారమంతయు దొడ్డిలోని గేదె త్రాగినది. హల్లరును కల్పించిన ఎంగెల్‌బర్గ్ దీనికి దోషి కాడు. తవుడులో ఏమున్నదో 1885లో ఎవరికిని తెలియదు. యంత్రము పొట్టు తీయుమన్న పొట్టు తీసినది. ఎంతవరకు తీయవలెనో చెప్పవలసినవారము మనము.

ఇంటిపనికి వచ్చిన మరియొక పేటెంటు యంత్రము కుట్టుమిషను. దానిని గూర్చి గాంధీజీ 1924లో ఒక విద్యార్థితో ముచ్చటించుచు, యంత్రములన్నిటిని తాను ద్వేషింపనని చెప్పి, సింగరు మిషనును ఉపయోగమైన కొద్ది వస్తువులలో ఒకటిగా ఎన్నెను. భార్య సూదితో పడు కష్టము చూడలేక సింగరు దానిని కల్పించెనని ఆయన తలచెను. చరిత్ర అంత మధురముగా లేదు. 1850లో బోస్టనులోని ఒక కర్మాగారమున మరమ్మతునకు వచ్చిన యంత్రమును చూచి సింగరు బాగుచేసి, 1851 ఆగస్టు 12న పేటెంటు పొందెను. ఇతర పేటెంటుదారులు దావాలు వేయగా, 1856లో ప్రధాన కంపెనీలన్నియు పేటెంట్లను ఒక్కచోట కూర్చి, 1877లో గడువులు తీరువరకు ప్రతి మిషనుమీదను రుసుము గుంజినవి. ఐనను ఆయన మాటలోని ఆశయము నాకు ప్రియమైనది. ప్రియమైనవారి శ్రమ చూచి యంత్రము పుట్టవలెనన్న కోరికకు చరిత్ర ఎట్లున్నను విలువ తగ్గదు. బట్టలకొట్టు అరుగుమీద దర్జీ నడుపు ఆ మిషను, ఊక లేచు ఇంజనువలె కాక, నడుపువాని కాలిబలము మీదనే నడచి, అతని చేతిలోనే నిలిచినది.

గాంధీజీ ఆ ఆశయమును మాటతో విడువలేదు. 1921లో బెజవాడలో కూడిన కాంగ్రెసు సంఘము ఇరువది లక్షల రాట్నములు తిరుగవలెనని తీర్మానించినది. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య గార్లు బందరులో నెలకొల్పిన జాతీయ కళాశాలలో చదువుతోపాటు చేతిపనులును నేర్పుచుండిరి. 1929 వేసవిలో గాంధీజీ ఖద్దరు నిధికై ఆంధ్రదేశమంతట తిరిగెను. ఆ యేడే అఖిల భారత చరఖా సంఘము పక్షమున మంచి రాట్నమునకు లక్షరూపాయల బహుమానము ప్రకటితమైనది. అది పల్లెటి గుడిసెలో స్త్రీ ఒక్కతె పెద్ద ఆయాసము లేకుండ త్రిప్పగలదిగా ఉండవలెను. ఎనిమిది గంటలలో 12 నుండి 20 వరకు నంబరు గల నూలును 16,000 అడుగులు వడకవలెను. ధర 150 రూపాయలు మించరాదు. తగిన కాలమున మరమ్మతు చేయించిన 20 ఏండ్లు నడువవలెను. పోటీదారుడు కావలెనన్న స్వంత ఖర్చుతో పేటెంటు తీసికొనవచ్చును గాని, బహుమానము అందుకొనవలెనన్న ఆ హక్కును సంఘమునకు బదలాయింపవలెను. గడువు 1930 అక్టోబరు 30.

డిపెన్నింగ్ అర్జీకిని ఈ ప్రకటనకును మధ్య ఎంత దూరమో చూడుడు. అక్కడ యంత్రము ఎవరి సుఖమునకో కనిపెట్టినవాడే నిర్ణయించెను. ఇక్కడ పనిచేయు స్త్రీయొక్క గుడిసె, ఆమె శక్తి, ఆమె సంపాదన ముందు కొలిచి, ఆ కొలతకు సరిపడు యంత్రమును తెమ్మనిరి. కనిపెట్టినవానికి న్యాయమైన ప్రతిఫలము ఒకేసారి ఇచ్చి, విద్యను వెంటనే ప్రజలపరము చేయబూనిరి. బహుమానము ఎవరికిని దక్కలేదు. గడువు వచ్చునాటికి గాంధీజీ ఉప్పు సత్యాగ్రహమున ఎరవాడ జైలులో ఉండెను. ఆ ఆశయమునకు దగ్గరగా వచ్చిన అంబరు చరఖాను తమిళనాటి ఏకాంబరనాథన్ కల్పింపగా, అది 1950 దశకమున దేశమున వ్యాపించినది. 1934 డిసెంబరులో కుమారప్పగారు కార్యదర్శిగా వెలసిన గ్రామపరిశ్రమల సంఘము దంపుడు బియ్యమును ఇంటింట ప్రచారము చేసినను, వడ్లు దంచు పనికి మాత్రము అటువంటి లక్షరూపాయల పోటీ ఎవరును పెట్టలేదు. పెట్టియుండవలసినదని నేననుచున్నాను. ఊకను మాత్రము తీసి తవుడును నిలుపునట్టి, ఇద్దరు స్త్రీలు భుజము పడిపోకుండ త్రిప్పగలిగినట్టి మర 1930లో సాధ్యమే. కొలతలు చెప్పి అడుగువారు కరవైరి.

హల్లరులో ఊకయు తవుడును కలిసిపోవుటచేత ఆ తవుడునుండి నూనె తీయుటకు కూడ వీలులేకపోయినది. ఊక వేరుగాను, తవుడు వేరుగాను వచ్చు రబ్బరు రోలరుల మిల్లులు వ్యాపించిన తరువాతనే తవుడునూనె పరిశ్రమ నిలద్రొక్కుకొనినది. 1958లో పార్లమెంటు మిల్లులకు లైసెన్సులు నిర్ణయించుచు చట్టము చేసినపుడు చేతిదంపుడును కాపాడు తలంపు కూడ దానిలో నుండెను. అప్పటికి మన డెల్టాలో కాపాడుటకు మిగిలిన రోళ్ళు కొద్ది.

బందరులోనో, గుడివాడలోనో, అవనిగడ్డలోనో ఏ కళాశాలవారైనను ఇప్పుడు పూనుకొనినచో చేయదగిన పని ఒకటి యున్నది. వడ్లు దంచి, చెరిగి, నేమిన చేతులు గల పెద్దమ్మలు ఇంకను కొందరు సజీవులై యున్నారు. ఏ పేటెంటు కచ్చేరియు అడుగని వివరములను వారిని అడిగి వ్రాసికొనవలెను: రోకలి ఏ కఱ్ఱతో చేసెడివారు, ఎంత బరువుండెడిది, పొన్ను ఎన్నాళ్ళకు మార్పించెడివారు, కుందెన లోతెంత, కుంచెడు వడ్లకు మొదటి దంపున ఎన్ని పోట్లు, రెండవ దంపు ఎక్కడ ఆపవలెనని చేతికి ఎట్లు తెలిసెడిది.